వరద కట్టిన ఒడ్డు

హైదరాబాద్‌లో మూసీ ఒడ్డు చరిత్ర చదవడానికి పురానాపూల్ నుంచి చాదర్‌ఘాట్ దాకా ఉన్న నాలుగు కిలోమీటర్ల లోపు దూరం సరిపోతుంది. అలా చదవడానికి సైకిల్‌ను మించిన వాహనం లేదు. కారులోనో బస్సులోనో వెళ్లేవాళ్లకు వంతెనలు తెలుస్తాయి గాని ఒడ్డు తెలియదు. ఇక్కడి పెద్ద రోడ్లు నదిని అడ్డంగా దాటించి అరనిమిషంలో అవతల దింపేస్తాయి. నడిచేవాళ్లు ఒక్కో కట్టడం దగ్గరా ఆగుతారు, నాలుగోది చేరేసరికి మొదటిది మనసులో మసకబారుతుంది. సైకిల్ తొక్కేవాళ్లకు మాత్రం 1578 నాటి రాతి వంతెన, 1920లో తెరిచిన హైకోర్టు, దానికి ఎదురొడ్డున ఉస్మానియా ఆసుపత్రి, 1936 నాటి గ్రంథాలయం, 1968లో లేచిన సాలార్‌జంగ్ మ్యూజియం, నది మధ్య దీవిలో కూర్చున్న బస్టాండు, అన్నీ అరగంటలో ఒకదాని వెంట ఒకటి ఎదురవుతాయి. ఏది నదిని చూస్తూ నిలబడిందో, ఏది నదిలోకి చొరబడిందో, ఎక్కడ ఒడ్డు వెంట దారి తెగిపోతుందో పెడల్ తొక్కే కాళ్లకే తెలిసిపోతుంది. ఆ దారి తెగిన చోట్లే ఈ ఊరి గత నూరేళ్ల చరిత్రలో ముఖ్యమైన మలుపులు.

మూసీ గురించి తరచూ వినిపించే కథ ఒకటుంది. పూర్వం ఊరు నదివైపు ముఖం పెట్టుకొని బతికింది, ఇటీవలి కాలంలో వెన్ను చూపింది, మళ్లీ ముఖం తిప్పుకోవాలి. వినడానికి బాగుంటుంది గాని ఆధారాలు చూస్తే ఇది సగమే నిజం. హైదరాబాద్‌కు నదీముఖం అనదగ్గది ఉన్నది కొద్దికాలమే, దాన్ని కట్టించింది 1908 నాటి వరద. ఆ తర్వాత పాతిక ముప్పై ఏళ్లలో ఎగువన జలాశయాలు, ఊళ్లో మురుగు కాలువలు, ఒడ్డు వెంట గోడలూ తోటలూ, వాటి వెనక అందరికీ పనికొచ్చే భవనాలు, ఇవన్నీ ఒకే ఆలోచనలో భాగాలుగా వచ్చాయి. ఆ భాగాలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోయిన కొద్దీ ఒడ్డు పోయింది. నా వాదన అంతా ఇక్కడే ఉంది: మూసీ ఒడ్డు ఒక దృశ్యంగా పుట్టలేదు, నీటి లెక్కలో ఒక పద్దుగా పుట్టింది. దాన్ని తిరిగి తేవాలనుకునేవాళ్లు ఆ లెక్క మొత్తం చూడాలి.

పాత సంగతి నుంచి మొదలుపెడదాం. పురానాపూల్ ఊరి కన్నా ముందు పుట్టింది. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, 1578లో గోల్కొండ నుంచి వచ్చే దారిని మూసీ దక్షిణపు ఒడ్డుకు దాటించడానికి కట్టారు. చార్మినార్ లేచింది 1591లో. అంటే వంతెన వేశాక పదమూడేళ్లకు గాని వంతెన అవతల నగరం రూపు కట్టలేదు. 17వ శతాబ్దంలో వజ్రాల బేరం కోసం గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే ఈ వంతెన అందంలో పారిస్‌లోని పోంనఫ్‌కు పెద్దగా తీసిపోదని రాసుకున్నాడు. ఆ పోంనఫ్‌కు పునాది వేసిన సంవత్సరం కూడా 1578 కావడం ముచ్చటైన కాకతాళీయం. అయితే తవెర్నియే మెచ్చుకున్నది దాటే దారిని. ఒడ్డు వెంట సాగే దారి గురించి మాట్లాడే అవసరం అతనికి రాలేదు. 18వ శతాబ్దం మొదటి సగంలో మొగలు సుబేదారు ముబారిజ్ ఖాన్ మొదలుపెట్టగా మొదటి నిజాం పూర్తి చేయించిన ప్రాకారం వచ్చాక నదికీ ఊరికీ మధ్య రాతి గోడే నిలబడింది. నదివైపు తెరుచుకునేవి దర్వాజాలు, ఖిడికీలు మాత్రమే, అవీ రాత్రికి మూసుకునేవి. 19వ శతాబ్దంలో బ్రిటిష్ రెసిడెన్సీ వైపు రాకపోకలు పెరిగాక 1831లో చాదర్‌ఘాట్ వంతెన, 1860 ప్రాంతంలో అఫ్జల్‌గంజ్ దగ్గర నయాపూల్, శతాబ్దం చివర్లో ముస్లింజంగ్ పూల్ వచ్చాయి. మూడూ దాటడానికే. ఊరు నదిని ఒక అడ్డంకిగానే లెక్కగట్టింది, దాటే చోట్లు పెంచుకుంటూ పోయింది.

దీనికి ఒక అభ్యంతరం న్యాయంగా వస్తుంది. చాకళ్లు బట్టలుతికారు, పశువులు నీళ్లు తాగాయి, కుతుబ్ షాహీల కాలంలో ఒడ్డున మహళ్లూ తోటలూ ఉన్నాయి, ఇదంతా నదితో బతకడం కాదా అని. నిస్సందేహంగా బతకడమే. కాని రాజు తోట రాజుది, చాకిరేవు చాకళ్లది. ఊరివాళ్లెవరైనా, ఏ పనీ లేకపోయినా, వెళ్లి ఒడ్డు వెంట సాగిపోగల దారి ఆ కాలంలో లేదు. అందరిదీ అయిన ఒడ్డు అనే ఊహ వేరే విషయం, దానికి పుట్టిన తేదీ ఉంది.

1908 సెప్టెంబర్ 28. హైదరాబాదీలు నేటికీ తుగ్యానీ అని చెప్పుకునే రోజు. ఎగువన రెండు రోజులు కుండపోతగా కురిసిన వాన మూసీలోకి, ఈసీలోకి దిగి, ఆ రెండూ కలిసి ఊరి మీద పడ్డాయి. సామాన్యంగా చెప్పే లెక్క ప్రకారం పదిహేను వేల మంది చనిపోయారు. కోల్సావాడీ, ఘాన్సీబజార్ వంటి పల్లపు బస్తీలు కొట్టుకుపోయాయి. నయాపూల్, ముస్లింజంగ్ పూల్, చాదర్‌ఘాట్ వంతెన మూడూ తెగిపోయాయి. దెబ్బలు తిన్నా నిలబడింది అన్నిటికన్నా పాతదైన పురానాపూల్ ఒక్కటే. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి నూట యాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది, ఏటా సెప్టెంబర్ 28న దాని కింద జనం చేరి పోయినవాళ్లను తలుచుకుంటారు. ప్రాకారం ఊరిని నీటి నుంచి కాపాడలేకపోయింది. శత్రువు గుర్రాల కోసం కట్టిన గోడకు నీటిని ఆపే శక్తి ఎక్కడిది?

బొంబాయి ప్రభుత్వ కొలువు వదిలిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యను ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం 1909లో పిలిపించింది. ఆయన మొదట చేసింది కారణం వెతకడం. నది పరీవాహకంలో 788 చెరువులుంటే అందులో 221 తెగిపోయాయని తేల్చారు. ఒక చెరువు తెగి కింది చెరువు మీద పడింది, అది తెగి మరో దాని మీద, గొలుసు తెంచినట్టు. వాన ఎంత పడిందన్న దానితో సమానంగా ఆ నీరు ఒక్కసారే ఊరికి చేరడం ప్రమాదం తెచ్చింది. కాబట్టి మందు కూడా అక్కడే ఉండాలి: ఊరికి పైన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి పెద్ద జలాశయాలు కట్టి వరదను పట్టి ఉంచి మెల్లగా వదలాలి. ఇంతవరకు ఏ మంచి ఇంజనీరైనా చెప్పగలడు. విశ్వేశ్వరయ్య ఆగని చోటు ఇక్కడే మొదలవుతుంది. ఒడ్లు ఎత్తు చేసి, వాటి మీద విశాలమైన దారులూ తోటలూ వేయాలని, ఊరంతటికీ మురుగు నీటి వ్యవస్థ పెట్టాలని అదే ప్రణాళికలో చేర్చారు. జలాశయం లేనిదే ఒడ్డు భద్రం కాదు, మురుగు వేరే దారిన పోనిదే ఒడ్డున ఎవరూ నిలబడలేరు, ఒడ్డు తెరిచి ఉంచనిదే జనం మళ్లీ పల్లంలో ఇళ్లు కట్టుకుంటారు. ఈ మూడు ముక్కలూ ఒకదానికొకటి పూచీ. వాహ్యాళి దారి అందులో అలంకారంగా రాలేదు, నదికి వదిలిన జాగాను ఎవరూ ఆక్రమించకుండా అందరికీ అప్పజెప్పే ఏర్పాటుగా వచ్చింది.

ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో అది రూపు దిద్దుకుంది. 1911 నాటి ప్లేగు కూడా తోడై 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మధ్యలో ఒడ్డు మారిపోయింది. దక్షిణపు ఒడ్డున విన్సెంట్ ఎష్ గీసిన హైకోర్టు భవనం గులాబీ గ్రానైటూ ఎర్ర ఇసుకరాయీ కలిసి నదిని చూస్తూ లేచి 1920లో తెరుచుకుంది. దాని పక్కనే ఆయనే గీసిన సిటీ హైస్కూల్, ఇప్పటి సిటీ కాలేజీ. ఎదురొడ్డున, వరదలో పోయిన ఆసుపత్రి స్థానంలో ఉస్మానియా ఆసుపత్రి 1920ల మధ్యలో పూర్తయింది. 1891లో మొదలైన ఆసఫియా గ్రంథాలయం 1936లో అఫ్జల్‌గంజ్‌లో నది పక్కనున్న ఇప్పటి భవనానికి మారింది. ఈ నాలుగింటిని ఒకచోట పెట్టి చూడండి: న్యాయస్థానం, బడి, ఆసుపత్రి, పుస్తకాలయం. వరద మనుషుల్ని మింగిన అంచునే, ప్రాకారం తొలగిన చోట, ఒక రాచరికపు ప్రభుత్వం ప్రజలందరూ రావలసిన సంస్థల్ని వరసగా నిలబెట్టింది. మధ్యలో రాతి ఒడ్డు గోడలు, పచ్చిక, తోటలు. ఆ కాలపు ఫోటోల్లో ఆసుపత్రి గుమ్మటాలూ హైకోర్టు గుమ్మటాలూ నీటికి అటూ ఇటూ ఒకదాన్నొకటి చూసుకుంటూ కనిపిస్తాయి. ఆ ఒడ్డు కొలత మోటారుది కాదు. మోటార్లు కొద్దిమందికే ఉన్న కాలంలో టాంగా, సైకిల్, కాలినడక వేగానికి అది తయారైంది. ఈనాటికీ ఆ భవనాల నిష్పత్తులు ఆ వేగంలోనే కంటికి అందుతాయి.

ఇంత మెచ్చుకోవడం ఎందుకు, ఇది రాజుల కాలపు డాబు కాదా, బస్తీలు కూల్చి భవనాలు కట్టడం కాదా అని అడిగేవాళ్లున్నారు. అడగవలసిందే. ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలను తొలగించింది, కొందరికి కొత్త ఇళ్లు కట్టించింది, మరెందరినో చెదరగొట్టింది. అభివృద్ధి పేరుతో మొదట కదిలించేది పేదవాడినే అన్న సత్యం అప్పటికీ ఇప్పటికీ మారలేదు. 1990ల చివర్లో నందనవనం పేరుతో మూసీ ఒడ్డు శుభ్రం చేయబూనినప్పుడు గుడిసెలు పోయాయి. 2024లో చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ వైపు ఇళ్ల గోడల మీద అధికారులు ఎర్ర గుర్తులు వేసినప్పుడు జనం రోడ్డెక్కారు. నేను ఆ పాత పనిని నిర్దోషమని అనడం లేదు. దానిలో ఒక్క విషయం మాత్రం నేటి పనిలో కనిపించడం లేదని అంటున్నాను: ఖాళీ చేసిన జాగాలో ఎవరు వచ్చారన్నది. అప్పుడు వచ్చినవి ఆసుపత్రీ కోర్టూ గ్రంథాలయమూ. కూల్చిన ఇంటివాడి పిల్ల కూడా ఆ ఆసుపత్రిలో పుట్టవచ్చు, ఆ గ్రంథాలయంలో కూర్చుని చదవవచ్చు. ఖాళీ చేసిన నేల అమ్మకానికి పోతే ఆ న్యాయం అడుగంటా పోతుంది.

మరి ఆ ఒడ్డు ఎందుకు పోయింది? మురుగు వల్ల అన్నది సులువైన జవాబు, నిజం కూడా. 1930ల నాటికి అమరిన మురుగు కాలువలు సుమారు ఐదు లక్షల మందికి సరిపోయేవి. ఊరు పది లక్షలై, యాభై లక్షలై, కోటి వైపు సాగినప్పుడు పొంగినదంతా నాలాల గుండా నదిలోకి దిగింది. కాని దీనికన్నా లోతైన కారణం ఒకటుంది, చెప్పుకోవడానికి బాధాకరమైనది. ఊరిని కాపాడిన జలాశయాలే నదిని ఊరికి మరిపించాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వరదను ఆపాయి, తాగునీరిచ్చాయి. ఊరు పెరిగి ఆ నీరంతా తాగేయడం మొదలుపెట్టాక కిందికి సొంత నీరు రావడం మానేసింది. మూసీకి ఏడాది పొడుగునా ప్రవాహం ఉంది గాని అది మన ఇళ్ల నుంచి వెళ్లిన నీరు. దశాబ్దాల పాటు పెద్ద వరద లేకపోవడంతో ఒక తరం మొత్తం దాన్ని పెద్ద నాలాగానే ఎరిగింది. నాలా అనుకున్నదాన్ని పూడ్చడానికి ఎవరికీ చెయ్యి వణకదు. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలను అడ్డుకున్న 1996 నాటి 111 జీవోను 2022లో సడలించిన ఉత్తర్వు వెనక కూడా ఇదే మరుపు ఉంది: ఊరికి ఇప్పుడు కృష్ణా గోదావరి నీళ్లొస్తున్నాయి కాబట్టి ఈ జలాశయాల అవసరం తీరిందన్న వాదన. తాగునీటి అవసరం తగ్గిందేమో. వరదను ఆపే అవసరం ఎప్పుడు తీరింది?

ఆ మరుపుకు నిలువెత్తు గుర్తు మహాత్మాగాంధీ బస్టాండు. నది రెండు పాయల మధ్యనున్న దీవి మీద, ఒకప్పటి ఇమ్లీబన్ తోట నేల మీద, 1990ల్లో దాన్ని కట్టారు. రోజూ వేలాది మంది పల్లెవాళ్లు ఊళ్లో మొదట కాలు పెట్టే చోటది, దాని అవసరాన్ని ఎవరూ కాదనరు. కాని అది నిలబడింది ఒడ్డున కాదు, నదిలో. ఇమ్లీబన్ అంటే చింతతోపు. 1908లో మనుషుల్ని కాపాడింది చింతచెట్టే అన్న సంగతి ఇక్కడ గుర్తుకు రాక మానదు. 2020 అక్టోబర్ వానలకు మూసారాంబాగ్ వంతెన మీదుగా నీళ్లు పోయాయి. 2025 సెప్టెంబర్ చివర జంట జలాశయాల గేట్లెత్తినప్పుడు ఈ బస్టాండులోకే నది వచ్చేసింది, ప్రయాణికులను తాళ్ల సాయంతో బయటికి తేవలసి వచ్చింది. తుగ్యానీకి 117 ఏళ్లు నిండడానికి ఒక్క రోజు ముందు. నది తన నేల ఎంతవరకో ఊరికి మళ్లీ కొలిచి చూపించింది.

సైకిల్ సంగతి నా వాదనలోకి ఇక్కడ మళ్లీ వస్తుంది. నది అంచున ఏముండాలి అన్న ప్రశ్నకు నేను పెట్టుకున్న కొలబద్ద ఇది: రెండు రోజులు మునిగి, మూడో రోజు బురద కడుక్కుని మళ్లీ పనికొచ్చేది ఏదైనా ఉండవచ్చు. బస్టాండు అలాంటిది కాదు, ఇల్లు కాదు, ఆసుపత్రి కాదు, మెట్రో స్టేషన్ కాదు. తోట అలాంటిది, ఆటస్థలం అలాంటిది, నడకదారి అలాంటిది, సైకిల్ దారి అలాంటిది. వరద వస్తే అక్కడ ఎవరికీ నష్టం లేదు, రానన్నాళ్లూ అది వాడుకలో ఉండటం వల్ల ఆక్రమణ జరగదు. 1909 నాటి ప్రణాళికలో ఒడ్డు దారికి ఉన్న పని ఇదే. ఖాళీగా వదిలిన నేల మన ఊళ్లలో ఖాళీగా మిగలదు. రోజూ జనం తిరిగే దారి మీద రాత్రికి రాత్రి మట్టిలారీ దించడం కష్టం.

సైకిల్ అనేది తీరికున్నవాళ్ల సరదా, దాని కోసం నది ఒడ్డా అని ఒక అభ్యంతరం. ఈ మాట సైకిల్ చరిత్ర తెలియక వచ్చేది. తెలుగు పట్టణాల్లో సైకిల్ ఏనాడూ తీరిక వాహనం కాలేదు. పాలక్యాన్లు మోసింది సైకిల్, చీరల మూట మోసింది సైకిల్, పేపరు వేసింది, మేస్త్రీని పనికి చేర్చింది, గంటకింత అని అద్దెకు తెచ్చుకుని పిల్లలు దొడ్డికాళ్లతో నేర్చుకున్నదీ సైకిలే. ఈనాటికీ తెల్లవారుజామున మూసీ ఒడ్డున కనిపించే సైకిళ్లు మురుగు నీటితో పెరిగిన పారాగడ్డి మోపులు మోసేవి, చాకిరేవుకు మూటలు తెచ్చేవి. సరదా వాహనంగా దాన్ని మార్చింది మన ఈమధ్య ప్రణాళికలే. 2023 అక్టోబర్‌లో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ దారి తెరిచారు, పైన సౌర ఫలకాల కప్పు వేశారు. కట్టడంగా మెచ్చుకోదగ్గదే. కాని అక్కడికి చేరాలంటే చాలామంది సైకిల్‌ను కారులో పెట్టుకుని వెళ్లాలి. పనికి వెళ్లేవాడి ఇంటి నుంచి పని దాకా ఆ దారి సాగదు. పురానాపూల్ నుంచి చాదర్‌ఘాట్ దాకా, అక్కడి నుంచి అంబర్‌పేట మీదుగా నాగోల్ దాకా ఒడ్డు వెంట చదునైన దారి ఉంటే, బేగంబజార్‌లో హమాలీ పనిచేసేవాడికీ, సిటీ కాలేజీ పిల్లలకీ, ఉస్మానియాలో రాత్రి డ్యూటీ దిగిన నర్సుకీ అది రోజువారీ దారి అవుతుంది. నది పల్లంలో పారుతుంది కాబట్టి దాని వెంట ఎత్తుపల్లాలు తక్కువ, అడ్డు కూడళ్లు తక్కువ. గుట్టలతో నిండిన ఈ ఊళ్లో సైకిల్‌కు ప్రకృతి ఇచ్చిన దారి అదొక్కటే.

కోటిమంది ఊరికి రోడ్లు కావాలి, నది ఒడ్డున ఎక్స్‌ప్రెస్ రోడ్డు వేస్తే తూర్పూ పడమరా కలుస్తాయి కదా అన్నది ఇంకో అభ్యంతరం. బలమైనదే. దీనికి జవాబు తవెర్నియే ఊళ్లోనే దొరుకుతుంది. మన వరద తర్వాత ఏడాదిన్నరైనా గడవకముందే, 1910 జనవరిలో పారిస్‌నూ సేన్ నది ముంచింది. ఆ ఊరు 1967లో నది కుడి ఒడ్డు మీద, నీటి అంచునే, కార్ల కోసం ఎక్స్‌ప్రెస్ రోడ్డు వేసింది. యాభై ఏళ్లు దాని మీద కార్లు నడిపి చూసి, 2016లో ఊరి నడిమధ్యనున్న 3.3 కిలోమీటర్ల మేర కార్లను ఆపి, నడిచేవాళ్లకూ సైకిళ్లకూ ఇచ్చేసింది. వ్యాజ్యాలు నడిచాయి, అయినా వెనక్కి పోలేదు. సేన్ పొంగినప్పుడు ఆ దారి మునుగుతుంది, నీరు తీశాక కడిగి మళ్లీ తెరుస్తారు. యాభై ఏళ్లు పట్టిన ఆ పాఠాన్ని మనం కూడా యాభై ఏళ్లు పెట్టి నేర్చుకోనక్కరలేదు.

ఇంతకన్నా కష్టమైన ప్రశ్న మురుగుది. ముక్కు మూసుకుని ఎవరు సైకిల్ తొక్కుతారు, ముందు నీళ్లు శుభ్రం చేయండి అంటారు. ఇది న్యాయమైన మాట, ఇందులో వరస గురించిన హెచ్చరిక కూడా ఉంది. అహ్మదాబాద్‌లో సబర్మతిని 263 మీటర్ల ఏకరీతి వెడల్పుకు గోడల మధ్య కట్టి, నర్మద కాలువ నీళ్లు నింపి, రెండు వైపులా దారులు వేశారు. చూడటానికి చక్కగా ఉంది. కాని నది వెడల్పును మనుషులు నిర్ణయించి, నీళ్లు మరో నది నుంచి అరువు తెచ్చి నిలబెట్టినదాన్ని నది అనడానికి నాకు మనసొప్పదు. మూసీ విషయంలో కూడా గోదావరి నీళ్లు తెచ్చి జంట జలాశయాల గుండా వదలాలన్న ప్రతిపాదన ఉంది. తెచ్చినా, నాలాల నోళ్లు మూసి మురుగును శుద్ధి కేంద్రాలకు మళ్లించకపోతే దూరం నుంచి తెచ్చిన మంచినీరు కూడా ఊరి మధ్యకు చేరేసరికి మురుగే. 1909 నాటి లెక్కలో ఏ ఒక్క పద్దునూ కొట్టేయడానికి వీల్లేదు: పైన జలాశయాలూ వాటి పరీవాహకమూ, ఊళ్లో మురుగు కాలువలు, అంచున తెరిచిన ఒడ్డు. కాని ఒడ్డు చివరిదాకా ఆగాలన్న మాటతో నేను ఏకీభవించను. జనం కళ్లపడని మురుగు గురించి ఏ ప్రభుత్వమూ తొందరపడదు. రోజూ వేలమంది ఆ గాలి పీలుస్తూ సైకిల్ తొక్కితే, ఏ నాలా నుంచి ఎంత దిగుతోందో ఊరంతటికీ తెలుస్తుంది. ఒడ్డుకు దారి ఇవ్వడమంటే నదికి సాక్షుల్ని ఇవ్వడం.

ఆ సాక్షులు ఇప్పుడే ఎక్కువ అవసరం, ఎందుకంటే వరద కట్టిన ఆ ముఖం ఖాళీ అవుతోంది. పాత ఉస్మానియా భవనంలోకి 2020 జులైలో వాననీరు చేరాక రోగులను అక్కడి నుంచి తీసేశారు. కొత్త ఆసుపత్రికి 2025 జనవరిలో గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది. హైకోర్టుకు రాజేంద్రనగర్ వైపు నూరెకరాలు కేటాయించారు. రోగులకూ కక్షిదారులకూ చాలినంత చోటు కావాలన్నది వాస్తవం, ఆ తరలింపును నేను తప్పు పట్టను. కాని నూరేళ్లుగా నదికి ఎదురెదురుగా నిలబడి రోజుకు వేలమందిని ఒడ్డుకు రప్పించిన రెండు సంస్థలు వెళ్లిపోయాక ఆ గుమ్మటాల కింద ఏముంటుందన్నది ఇప్పుడే తేల్చుకోవాలి. టిక్కెట్టు పెట్టిన మ్యూజియమో, హోటలో అయితే 1908 తర్వాత కుదిరిన ఒప్పందం రద్దయినట్టే. వైద్య కళాశాలో, ప్రజా గ్రంథాలయమో, న్యాయ సహాయ కేంద్రమో, బడో, అందరూ గుమ్మం ఎక్కగలిగినదేదైనా అయితే ఒప్పందం నిలుస్తుంది. ఆ రెండు భవనాలకూ నదివైపు గోడలో గేటు తెరిచి, ముస్లింజంగ్ పూల్ దగ్గర ఒడ్డు నుంచి ఒడ్డుకు సైకిల్‌తో దాటే దారి వేస్తే, పురానాపూల్ దగ్గర ఎక్కినవాడు చింతచెట్టు నీడ దాకా కాలు దించకుండా రావచ్చు.